పెరటి కోడికీ మేకకూ ఇంటి మేత

పది కోళ్ళు, రెండు మేకలు ఉన్న తెలుగు రైతు కుటుంబం వాటి మేతను బజారులో కొనడమన్నది రెండు మూడు తరాల క్రితం దాదాపుగా లేదు. వడ్లు దంచినప్పుడు రాలిన తవుడు, చేటలో చెరిగినప్పుడు విడిపోయిన నూకలు, కళ్ళంలో తూర్పార పట్టినప్పుడు పక్కకు పడిన తాలు గింజలు, పెంటకుప్పలోని పురుగులు, గట్టుమీది చెట్ల మండలు కలిసి ఆ పెంపకాన్ని నిలబెట్టేవి. నేడు అదే కుటుంబం కోళ్ళ దాణాను సంచుల్లో కొంటున్నదంటే దానికి కారణం పాత పద్ధతులను మరిచిపోవడం ఒక్కటే అనుకోవడం సరికాదు. ఆ మేత పుట్టే చోట్లే ఇంటి చుట్టుపక్కల నుంచి తొలగిపోయాయి. కోత యంత్రం పొలంలోనే ధాన్యాన్ని ట్రాక్టరులోకి దించుతుండడంతో కళ్ళం పోయింది. వడ్లు పెద్ద మిల్లుకు చేరి, వాటి తవుడు అక్కడి నుంచి నూనె తీసే కర్మాగారాలకు వెళ్ళిపోతున్నది. పెరళ్ళు గచ్చులయ్యాయి, పెంటకుప్పలు ఊరి బయటకు జరిగాయి, బంజర్లు కరిగిపోయాయి. కాబట్టి ఒకప్పుడు ఇంటి వ్యవసాయానికి ఉపఫలంగా దానంతటదే సమకూరిన మేతను ఇప్పుడు ఆలోచించి, లెక్కవేసి, పనిగట్టుకొని సమకూర్చుకోవలసి ఉంటుంది.

ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే సంచిలో దొరికే దాణా ఎవరి కోసం తయారైందో ముందుగా గమనించాలి. ప్రధానంగా మొక్కజొన్న, సోయా చెక్కలతో, విటమిన్లు, ఖనిజాలు కలిపి తయారుచేసే ఈ దాణా ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టే సంకర జాతి కోడికి, ఆరు వారాల్లో కోతకు వచ్చే మాంసపు కోడికి ఉద్దేశించినది. అటువంటి కోళ్ళ పెంపకంలో ఖర్చు మొత్తంలో 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది. నాటు పెట్ట సంగతి వేరు. అది ఏడాదిలో మూడు నాలుగు విడతలుగా, ఒక్కొక్క విడత పొదుగుకు కూర్చునే లోపల, మొత్తం 50 లేదా 60 గుడ్లు పెడుతుంది. దాని శరీరం అడిగే పోషణ తక్కువ, తిరిగి వెతుక్కునే నేర్పు ఎక్కువ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి. అవి నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లే పెడతాయి కానీ ఆ మేరకు అదనపు మేతనూ కోరుతాయి. ఇంటి మేతతోనే పెంచాలని నిశ్చయించుకున్న కుటుంబం మొదట చేయవలసిన నిర్ణయం జాతి గురించే. ఫారం కోడిని పెరట్లో వదిలి, తవుడు మాత్రం పెట్టి, గుడ్లు తగ్గిపోయాయని బాధపడడంలో కోడి తప్పేమీ లేదు.

రెండో నిర్ణయం సంఖ్య గురించి. ఒక ఇంటి చుట్టూ తిరిగే కోళ్ళకు ఆ చుట్టుపక్కల రోజూ దొరికే తిండి మొత్తాన్ని పశుపోషణ శాస్త్రంలో ఒక వనరుగా లెక్కిస్తారు. వంటింటి వ్యర్థాలు, రాలిన గింజలు, గడ్డి చివుళ్ళు, పురుగులు, వానపాములు అందులో భాగాలు. శ్రీలంక గ్రామాల్లో కోళ్ళ అన్నసంచిని, అంటే మింగిన తిండి మొదట నిలిచే మెడ కింది తిత్తిని, తెరిచి చూసిన పరిశోధకులకు అందులో సగానికి పైగా వంటింటి వ్యర్థాలే కనిపించాయి. పురుగులూ గడ్డీ కలిసినా వాటి వాటా చిన్నదే. ఈ వనరు పరిమాణం ఏ కాలానికి ఆ కాలం దాదాపు స్థిరంగా ఉంటుంది, కోళ్ళ సంఖ్యను బట్టి పెరగదు. పది కోళ్ళకు సరిపోయే చోట ఇరవై కోళ్ళను వదిలితే ఒక్కొక్కదాని వాటా సగమవుతుంది. పెద్ద పుంజులు, బలమైన పెట్టలు తమ వంతు లాక్కోగా మొదట చనిపోయేవి పిల్లలే. పెరటి కోళ్ళలో పిల్లల మరణాలకు గద్దలను, ముంగిసలను, తెగుళ్ళను తప్పుపట్టే ముందు ఆకలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంట్లో ఏమి దొరుకుతుందో అంకెల్లో చూడవచ్చు. క్వింటాలు వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల తవుడు వస్తాయి. ఒక కుటుంబం ఏడాదికి 500 కిలోల బియ్యం తింటుందనుకుంటే అందుకు 7 క్వింటాళ్ళకు పైగా వడ్లు ఆడించాలి. అందులోంచి 55 కిలోలకు పైగా, అంటే రోజుకు 150 గ్రాముల తవుడు మిగులుతుంది. పెద్ద కోడి రోజుకు 80 నుంచి 100 గ్రాముల ఎండు తిండి తింటుంది, బయట తిరిగి అందులో చాలావరకు సంపాదించుకుంటుంది, ఇంటి దగ్గర దానికి 30 నుంచి 40 గ్రాములు పెడితే చాలు. ఆ తవుడుకు నూకలు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు తోడైతే పది కోళ్ళకు సరిపోతుంది. అయితే ఈ లెక్క తన వడ్లను తానే చిన్న మిల్లులో ఆడించుకొని తవుడును ఇంటికి తెచ్చుకునే కుటుంబానికి మాత్రమే వర్తిస్తుంది. వడ్లు అమ్మి బియ్యం కొనుక్కునే రైతు తన కోళ్ళ మేతను కూడా ఆ వడ్లతోపాటే అమ్మేస్తున్నాడు. తవుడులో ఉండే నూనె కొద్ది రోజుల్లోనే ముక్కిపోయి చేదెక్కుతుంది కాబట్టి నెలల తరబడి నిలవచేయడం మంచిది కాదు. మూకుడులో కాసేపు వేయించి ఆరబెడితే నూనెను చెడగొట్టే పదార్థం వేడికి నశించి మరికొంత కాలం నిలుస్తుంది. పాత రకం హల్లరు మిల్లులో వచ్చే తవుడులో ఊక ముక్కలు కలిసిపోయి ఉంటాయి, దాన్ని జల్లించి పెట్టాలి.

అన్నం, నూకలు, జొన్నలు, సజ్జలు కోడికి శక్తినిస్తాయి, కడుపు నింపుతాయి. పెరటి పెంపకంలో ఎప్పుడూ కొరవడేది మాంసకృత్తులు. బియ్యపు నూకల్లో ఇవి 8 శాతం, జొన్నల్లో 10 శాతం, సజ్జల్లో 11 శాతం దాకా ఉంటాయి. గుడ్లు పెట్టే కోడికి మొత్తం తిండిలో 15 శాతం, పిల్లలకు 18 నుంచి 20 శాతం కావాలి. మెతుకులు మాత్రమే తిన్న పెట్ట కొవ్వు పట్టి గుడ్లు మానేయడానికి కారణం ఈ లోటే. దీన్ని పూడ్చే సహజ వనరు పురుగు. తొలకరి వానలకు పుట్టల నుంచి ఉసిళ్ళు లేచినప్పుడు కోళ్ళు వాటి వెంట పడడం ప్రతి పల్లెలో కనిపించేదే. ఆ ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదలు. చెదపురుగు ఎండు బరువులో మూడో వంతుకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పశ్చిమాఫ్రికాలోని టోగో, బెనిన్, బుర్కినా ఫాసో వంటి దేశాల రైతులు దీన్ని ఒక పనిగా చేస్తారు: మట్టి కుండలో తడిపిన గడ్డి, జొన్న చొప్ప ముక్కలు, కొంచెం ఎండు పేడ కూరి, చెదలు తిరిగే నేల మీద చిన్న గుంట చేసి కుండను బోర్లించి, ఎండ తగలకుండా పైన కంపో గోనెపట్టానో కప్పుతారు, మర్నాటికి ఆ గడ్డి నిండా చెదలు పట్టి ఉంటాయి, దాన్ని కోళ్ళ ముందు దులిపితే నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తెలంగాణ, రాయలసీమ ఎర్ర నేలల్లో ఇది ఏ ఖర్చూ లేకుండా చేసుకోదగిన పని. ఇంటి దూలాలకూ వాసాలకూ దూరంగా, చేను చివర కుండ పెట్టుకోవాలన్నదొక్కటే జాగ్రత్త. పెంటకుప్పను తిరగేయడం, పెరటి మూలలో తడి ఆకుచెత్త కింద వానపాములను పెరగనివ్వడం కూడా ఇదే పనికి వస్తాయి.

అజొల్లా గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని విషయంలో ఆశ పెద్దది, అవగాహన చిన్నది. నీటిమీద తేలుతూ పెరిగే ఈ చిన్న ఫెర్ను మొక్క ఆకుల్లో ఒక రకం నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించడం వల్ల దీని ఎండు పదార్థంలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం వరకు ఉంటాయి. నేల మీద ఇటుకలు పేర్చి, ప్లాస్టిక్ పట్టా పరచి, జల్లించిన మట్టి, పేడనీళ్ళు పోసి, జానెడు కన్నా తక్కువ లోతున నీరు నిలిపి దీన్ని పెంచుతారు. అయితే పచ్చి అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. కిలో పచ్చి అజొల్లా ఎండితే దాదాపు 60 గ్రాములు, అందులో మాంసకృత్తులు సుమారు 14 గ్రాములు మాత్రమే. అది ఒక్క కోడికి ఒక రోజు కావలసినంత, కానీ ఏ కోడీ ఒక రోజులో కిలో ఆకు తినలేదు. రెండు చదరపు మీటర్ల మడి నుంచి రోజుకు అరకిలో తీసుకొని పది కోళ్ళకు పంచితే పచ్చి మేతగా, విటమిన్ల వనరుగా అది మంచిదే. దాణా మొత్తానికి బదులుగా అదొక్కటే సరిపోతుందన్న ప్రచారం మాత్రం నమ్మదగినది కాదు. పైగా 35 డిగ్రీలు దాటిన ఎండను ఇది తట్టుకోలేదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నీడో పందిరో లేకపోతే మడి ఎర్రబడి కుళ్ళిపోతుంది. అంతకన్నా తేలికైన దారి మునగ, అవిశ, తోటకూర వంటి ఆకులను నీడన ఎండబెట్టి, పొడిచేసి, తవుడులో కలపడం.

మిగతా అన్ని వయసుల్లో కొంత అటూ ఇటూ అయినా చెల్లుతుంది గానీ, పుట్టిన నాటి నుంచి ఆరు వారాల దాకా పిల్లల మేతను మాత్రం తూచి కలపాలి. ఇంట్లోనూ ఊరి గానుగ దగ్గరా దొరికే వాటితోనే అది సాధ్యమవుతుంది: వంద పాళ్ళ మేతలో నూకలు 45, సజ్జల రవ్వ 15, తవుడు 10, వేరుశనగ చెక్క 15, నువ్వుల చెక్క 10, ఎండు చేపల పొడి 5 పాళ్ళు వేస్తే మాంసకృత్తులు 19 శాతం దగ్గరకు వస్తాయి. వేరుశనగ చెక్కలో కొరవడే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం, అంటే మాంసకృత్తులను కట్టే మూలపదార్థాల్లో ఒకటి, నువ్వుల చెక్కలో సమృద్ధిగా ఉంటుంది కాబట్టి రెండింటినీ కలిపి వాడాలి. చేపలు ఉప్పు పట్టించనివై ఉండాలి. ఉప్పు చేపలు, ఊరగాయ వ్యర్థాలు కోళ్ళకు విషంతో సమానం. ఈ మేతను తల్లికోడి తినేయకుండా, వెడల్పు అల్లిక గల గంపను కొంచెం ఎత్తి బోర్లించి లోపల పెడితే పిల్లలు సందుల్లోంచి దూరి తింటాయి. పెట్టలకు మరొక అవసరం సున్నం. ఒక్కొక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, గింజల్లో అది దాదాపుగా దొరకదు. ఇంటి గుడ్ల పెంకులను వేయించి పొడిచేసి పెట్టినా, చెరువు గట్టున దొరికే నత్తగుల్లలను, ఆల్చిప్పలను చితక్కొట్టి ఒక చిప్పలో విడిగా ఉంచినా కోడి తనకు కావలసినంత తానే ఏరుకుంటుంది.

వేరుశనగ చెక్క విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని జబ్బుతో చనిపోగా, వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఒక బూజు విడుదల చేసిన విషమే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే మాట ఆ పరిశోధనల నుంచే వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ అనే ఈ బూజు అనంతపురం, కర్నూలు వంటి వేరుశనగ ప్రాంతాలకు కొత్తది కాదు. కాయ ఊరే దశలో బెట్ట తగిలిన పంటలో, తడి ఆరకుండా పోగేసిన కాయల్లో అది పెరుగుతుంది. ఉడికించినా ఈ విషం పోదు. బూజు వాసన వచ్చిన చెక్కను, నల్లబడిన మొక్కజొన్నను, తడిసి గడ్డకట్టిన తవుడును పారేయడం నష్టంలా కనిపిస్తుంది కానీ కోడిపిల్లలు, అంతకన్నా ముందు బాతుపిల్లలు, కాలేయం చెడి చనిపోవడం కన్నా అది చిన్న నష్టం.

మేక సంగతికి వస్తే ఇంటి మేత లెక్క పూర్తిగా మారిపోతుంది, ఎందుకంటే మేకకు గింజ అవసరమే దాదాపుగా లేదు. నాలుగు అరల పొట్టలో మొదటిదైన పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆకునూ పీచునూ పులియబెట్టి దాని ఆహారంగా మారుస్తాయి. మేక ఎండు లెక్కన తన బరువులో మూడు నుంచి నాలుగు శాతం మేత తింటుంది. 25 కిలోల మేకకు రోజుకు కిలో ఎండు పదార్థం, అంటే మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు కావాలి. గొర్రె తలవంచి గడ్డి కొరుకుతుంది. మేక తలెత్తి ఆకు అందుకుంటుంది. అందుకే మందల కాపరులు దోటితో మండలు కొట్టి వేస్తారు, ఇంట్లో కట్టేసిన మేకకు కూడా మండలను కట్టగా చేసి దాని తల ఎత్తున వేలాడదీస్తే శుభ్రంగా తింటుంది. నేల మీద వేస్తే తొక్కి, మూత్రం చల్లి, సగం వదిలేస్తుంది. అలా నేల మేతకు దూరంగా ఉంచడం వల్ల గడ్డి మొదళ్ళలో ఉండే కడుపు నులిపురుగుల పిల్లలు లోపలికి పోవడం కూడా తగ్గుతుంది.

రెండు మేకలకు రోజుకు ఏడెనిమిది కిలోల ఆకు ఏడాది పొడవునా కావాలంటే కంచె వెంబడి చెట్లు ఉండాలి. అవిశ త్వరగా పెరుగుతుంది, మేకలకు ప్రీతి. కానీ మొదలంటా పదే పదే నరికితే చచ్చిపోతుంది కాబట్టి పక్క కొమ్మలే కోసుకోవాలి. సుబాబుల్ ఎన్నిసార్లు నరికినా మళ్ళీ చిగురిస్తుంది. దాని ఆకులోని మైమోసిన్ అనే పదార్థం ఆస్ట్రేలియాలో పశువులకు వెంట్రుకలు ఊడిపోయేట్టు, మెడ గ్రంథి వాచేట్టు చేయగా, హవాయి దీవుల్లోని మేకలు అదే ఆకును హాయిగా తినడం గమనించిన రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త వాటి పెద్దపొట్టలో ఈ విషాన్ని విరిచే బాక్టీరియా ఉందని 1980లలో నిరూపించాడు. తరువాత ఆ బాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు. అయినా మేకల మేతలో సుబాబుల్‌ను మూడో వంతుకు మించనివ్వకపోవడం క్షేమం. పెద్దపొట్ట లేని కోళ్ళకు, కుందేళ్ళకు దాన్ని పెట్టకపోవడమే మేలు. మైమోసిన్ లేని దశరథ గడ్డి ఈ విషయంలో నిశ్చింతగా ఉంటుంది. వేప, రావి, మర్రి, రేగు, చింత ఆకులు ఊళ్ళో ఉన్నవే. వేసవిలో పచ్చదనం ఎండిపోయిన వేళ నల్లతుమ్మ కాయలు కాపరులకు పెద్ద ఆసరా. వాటిని ఏరి, దంచి, కొద్ది కొద్దిగా పెడితే లోపలి గింజ కూడా అరుగుతుంది. సర్కారు తుమ్మ ఆకును మేక ముట్టదు గానీ తీపి కాయలను ఇష్టంగా తింటుంది. దంచకుండా పెడితే గింజలు పెంటికలతో బయటపడి పొలమంతా ఆ కంపే మొలుస్తుంది.

మాగాణి ప్రాంతాల్లో చెట్టుకు చోటు తక్కువ. కృష్ణా, గోదావరి డెల్టా రైతులు వరి కోతకు ముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లి, మిగిలిన తేమతోనే పప్పుజాతి మేతను పండించుకొని, కోసి ఎండబెట్టి వామి వేసుకోవడం ఎంతో తెలివైన పద్ధతి. మెట్ట రైతుకు అదే పని వేరుశనగ కట్టె, కంది పొట్టు, ఉలవ పొట్టు చేస్తాయి. డెల్టాలోనే బాతుల పెంపకందారులు మందలను కోతలైన చేలలోకి తోలుకుపోయి రాలిన గింజలు, నత్తలు, పురుగులతోనే నెలల తరబడి మేపుతారు.

ఉచితంగా దొరికిన మేతే ప్రాణం తీసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాన వెనకబడి గిడసబారిన జొన్న, కోసిన తరువాత వేసిన పిలకలు సైనైడు విషాన్ని విడుదల చేస్తాయి. కంకి వేయని పచ్చి జొన్నలోకి మేకలను వదలకూడదు, కోసి బాగా ఎండిన చొప్పలో ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నాన్ని మేకల ముందు కుమ్మరించడం మరొక ప్రమాదం. అలవాటులేని పిండిపదార్థం ఒక్కసారిగా పెద్దపొట్టలో పులిసి ఆమ్లంగా మారి, ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో జీవం పోతుంది. తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆబగా మేసిన గొర్రెలు, మేకలు చిటుకు రోగంతో నిలువునా పడిపోవడం కూడా మేత మార్పు వల్లనే: పేగుల్లో ఎప్పుడూ ఉండే బాక్టీరియా ఆ మార్పుతో విపరీతంగా పెరిగి విషం చిమ్ముతుంది. ఏ కొత్త మేతనైనా పది రోజుల పాటు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి, ఉదయాన్నే లేత గడ్డిలోకి తోలే ముందు కొంత ఎండు మేత పెట్టాలి.

మేత విషయంలో ఇంటి మీద ఆధారపడదలచుకున్న కుటుంబం కూడా బయట నుంచి తెచ్చుకోక తప్పనివి కొన్ని మిగులుతాయి: మేకలకు నాకడానికి ఉప్పు, ఖనిజ లవణాల మిశ్రమం, కోళ్ళకు కొక్కెర తెగులు టీకా, మేకలకు తొలకరికి ముందే వేయించవలసిన చిటుకు రోగం టీకా. వీటికి తవుడులోనూ ఆకులోనూ ప్రత్యామ్నాయం లేదు. టీకాల కోసం మే నెలలోనే పశువైద్యశాలకు వెళ్ళి రావాలి, వానలు పడగానే కంచె వెంట అవిశ, సుబాబుల్, మునగ నాటుకోవాలి. కొత్త మేకను కొనడం ఆ చెట్లు కోతకు వచ్చిన తరువాతే.